భయానక చిత్రంలో ఉత్కంఠ: షాట్ కూర్పు, వెలుగునీడలు

పాఠం లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఉలికిపాటుకూ ఉత్కంఠకూ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• షాట్ కూర్పులో ఖాళీ స్థలం, ద్వారాలు, కెమెరా ఎత్తు చేసే పనిని గుర్తించగలుగుతారు.
• వెలుగు నిష్పత్తి, దిక్కు, ఆధారం అనే మూడింటిని బట్టి ఒక షాట్‌ను విశ్లేషించగలుగుతారు.
• తెలుగు భయానక చిత్రాలను ఈ దృష్టితో విమర్శించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

భ్రాంతి అంటే ఏమిటో వివరించడానికి మన వేదాంతులు ఒక పాత ఉదాహరణ చెబుతారు. దారిలో తాడు పడి ఉంది. చూసినవాడు పాము అనుకుని వెనక్కి గెంతాడు. దీన్నే రజ్జుసర్ప భ్రాంతి అంటారు. ఈ ఉదాహరణలో మనం సాధారణంగా పట్టించుకోని షరతు ఒకటి ఉంది. పట్టపగలు తాడు తాడుగానే కనిపిస్తుంది. కటిక చీకట్లో తాడూ కనిపించదు, పామూ కనిపించదు. మసక వెలుతురులోనే తాడు పామవుతుంది. అక్కడ ఏదో ఉందని తెలియాలి, అదేమిటో తెలియకూడదు.

భయానక చిత్రంలో ఛాయాగ్రాహకుడి పని ఈ షరతును తెర మీద కల్పించడమే. ఏ మేరకు చూపాలి, ఎక్కడ ఆపాలి, ప్రేక్షకుడి కన్ను ఫ్రేమ్‌లో ఏ మూలను వెతకాలి అన్నవి అతను తేల్చుకోవలసిన ప్రశ్నలు. మొదటి రెండింటికి ఎక్కువగా వెలుగు జవాబు చెబుతుంది. మూడోదానికి కూర్పు జవాబు చెబుతుంది. పామును తయారు చేసేది ప్రేక్షకుడు. దర్శకుడు ఇచ్చేది తాడు, మసక వెలుతురు మాత్రమే.

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భయానక రసానికి విభావాలు, అంటే కారణాలు, చెప్పి ఉన్నాయి. వికృతమైన ధ్వనులు, భూతాలు కనబడడం, నక్కలు, గుడ్లగూబలు, అడవి మొదలైనవాటితోపాటు అందులో శూన్యగృహం కూడా ఉంది. ఈ రసానికి చెప్పిన రంగు నలుపు. భూతం కనబడడం ఒక కారణం, ఖాళీ ఇల్లు మరొక కారణం అని విడివిడిగా చెప్పడం గమనించండి. ఖాళీ ఇంట్లో భూతం ఉండాలన్న నియమం లేదు. ఖాళీయే భయానికి చాలు. ఈ పాఠంలో మనం చూడబోయే షాట్లలో చాలావరకు ఈ శూన్యగృహానికి చెందినవే.

2. ఉలికిపాటు, ఉత్కంఠ

ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో సంభాషణల్లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ సినిమా విద్యార్థులందరికీ పరిచయమే. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలియకపోతే, బాంబు పేలినప్పుడు అతనికి పదిహేను సెకన్ల ఆశ్చర్యం దక్కుతుంది. ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ దక్కుతుంది. ఆ మామూలు మాటలే ప్రాణసంకటంగా మారతాయి.

భయానక చిత్రానికి వచ్చేసరికి ఈ ఉదాహరణను కాస్త మార్చుకోవాలి. ఇక్కడ ప్రేక్షకుడికి బాంబు కనిపించదు. బల్ల మీద పరచిన గుడ్డ నేల దాకా వేలాడుతూ కనిపిస్తుంది. కింద ఏముందో తెలియదు. ఆ గుడ్డను దర్శకుడు మళ్లీ మళ్లీ చూపిస్తాడు. మన కన్ను మాట్లాడేవాళ్ల ముఖాలను వదిలి గుడ్డ అంచు మీదికి పోతుంది. అక్కడి నుంచి ఉత్కంఠ మొదలైనట్టు.

ఉలికిపాటు సులువైన పని. నిశ్శబ్దం తరవాత ఒక్కసారిగా పెద్ద చప్పుడు చేస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. వెనక నుంచి వచ్చి భుజం తట్టినా ఉలిక్కిపడతారు. అది శరీరం చేసే పని. అందులో తప్పు లేదు కానీ, దాని మీదే ఆధారపడిన చిత్రం రెండోసారి చూసేటప్పుడు చప్పబడిపోతుంది. చప్పుడు ఎక్కడ వస్తుందో మనకు ముందే తెలుసు కదా. ఉత్కంఠ మీద నిలబడ్డ షాట్ అలా కాదు. ఏం జరుగుతుందో తెలిసి చూసినా మన కన్ను ఆ మూలకే పోతుంది.

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. భయపెట్టిందనుకున్న సన్నివేశాన్ని శబ్దం పూర్తిగా తీసేసి మళ్లీ చూడండి. భయం మిగిలితే అది షాట్‌లోనే ఉందని అర్థం. మిగలకపోతే భయమంతా సౌండ్ ట్రాక్‌దే. భయానక చిత్రంలో శబ్దానికి చాలా పెద్ద పాత్ర ఉంది. అయితే ఈ పాఠం కంటికి సంబంధించినది కాబట్టి శబ్దాన్ని పక్కన పెడుతున్నాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. తాడు పాముగా కనిపించడానికి ఎలాంటి వెలుతురు కావాలి? ఎందుకు?
2. శబ్దం లేకుండా చూడడం వల్ల ఒక సన్నివేశం గురించి ఏం తెలుస్తుంది?

3. కూర్పు: కన్ను ఎక్కడ కాపలా కాయాలి?

3.1 ఖాళీ స్థలం

మామూలు కుటుంబ చిత్రంలో మనిషి ఎటు చూస్తుంటే ఫ్రేమ్‌లో అటువైపు ఎక్కువ చోటు వదులుతారు. ముఖానికి ముందు చోటుంటే చూపుకు ఊపిరాడుతుంది. భయానక చిత్రం ఈ అలవాటును తిరగేస్తుంది. నాయికను ఫ్రేమ్ ఎడమ అంచుకు నెట్టి, ఆమెను ఎడమవైపే చూడమంటుంది. వెనక మూడింట రెండు వంతుల ఫ్రేమ్ ఖాళీగా మిగులుతుంది. ఆమె చూడలేని చోటు మనకు కనిపిస్తోంది. ఆమె తరఫున దాన్ని కనిపెట్టుకుని ఉండే పని మన మీద పడింది. వెనక తలుపు ఒకటి తెరిచి ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' (1978) చిత్రంలో ఈ పద్ధతికి అందరూ చెప్పే ఉదాహరణ ఉంది. దాని ఛాయాగ్రాహకుడు డీన్ కండీ. నాయిక లోరీ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఆమె పక్కన గది ద్వారం నల్లగా ఉంది. ఆ నలుపులోంచి హంతకుడి తెల్లని ముసుగు మెల్లగా తేలుతుంది. అతను కదిలి ముందుకు రాడు. చీకట్లో అప్పటికే నిలబడి ఉన్నవాడి మీదికి వెలుగు కొద్దికొద్దిగా పెరుగుతుంది, అంతే. ఈ షాట్‌లో కూర్పు, వెలుగు కలిసి పనిచేశాయి. కూర్పు నల్లని ఖాళీని ముందే సిద్ధం చేసి పెట్టింది. వెలుగు దాన్ని నింపింది. ఖాళీ ముందు లేకపోతే ముసుగు ఉత్త ఉలికిపాటు అయ్యేది.

3.2 ఫ్రేమ్‌లో మరో ఫ్రేమ్

తలుపు, కిటికీ, అద్దం, మెట్ల మలుపు, మంచం కింది చోటు: ఇవన్నీ ఫ్రేమ్ లోపల చిన్న ఫ్రేములు. ప్రతిదానికీ ఒక అంచు ఉంటుంది. అంచుకు అవతల ఏముందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. మన ఇళ్లలో గడపకు ఉన్న విలువ మీకు తెలుసు. గడప మీద కూర్చోవద్దంటారు, సంధ్యవేళ గడప దగ్గర దీపం పెడతారు. లోపలికీ బయటికీ మధ్య హద్దు అది. తెర మీద తెరిచి ఉన్న దర్వాజ మనకు భయం పుట్టిస్తుందంటే దాని వెనక ఈ పాత అలవాటు కూడా ఉంది.

పాత పెంకుటిళ్ల వసారా, చీకటి కొట్టం, అటక, నేలమాళిగ ఇలాంటి కూర్పుకు బాగా అనువైనవి. ఒకదాని వెనక ఒకటిగా మూడు గదుల దర్వాజలు వరసలో కనిపించేలా కెమెరా పెడితే చాలు, ఫ్రేమ్‌కు లోతు వస్తుంది. దగ్గరి దర్వాజ వెలుగులో, నడిమిది మసకలో, చివరిది నలుపులో ఉంటే కన్ను ఆ చివరిదాన్ని వదలదు.

3.3 కెమెరా ఎత్తు, చూసేదెవరు?

కెమెరాను మనిషి కంటి ఎత్తులో పెడితే అది మనలో ఒకరి చూపు. నేలకు జానెడు ఎత్తులో పెట్టి నడిపిస్తే అది ఎవరి చూపు? మనిషిది కాదు. పిల్లిది కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. పైకప్పు మూల నుంచి కిందికి చూస్తే? అక్కడ ఎవరూ కూర్చోలేరు కదా. చూపు ఉండి, చూసేవాడు తెలియకపోవడం ఉత్కంఠకు మంచి మూలం. ప్రేక్షకుడు ఆ తెలియనిదాని కళ్లలోంచి చూడవలసి వస్తుంది. భయపడే మనిషి పక్షాన ఉన్నాడో, భయపెట్టేదాని పక్షాన ఉన్నాడో అతనికే తేలదు.

3.4 నిడివి

ఖాళీని చూపడం ఒక ఎత్తు, దాన్ని ఎంతసేపు చూపాలన్నది మరో ఎత్తు. రెండు సెకన్లు చూపిన ఖాళీ తలుపు సమాచారం. పది సెకన్లు చూపిన ఖాళీ తలుపు బెదిరింపు. కట్ చేయకుండా పట్టి ఉంచిన షాట్‌లో ప్రేక్షకుడికి తప్పించుకునే దారి లేదు. త్వరగా కట్ చేసే దర్శకుడు తెలియకుండానే అతనికి ఊరట ఇస్తున్నాడు.

4. వెలుగు: ఎంత చూపాలి, ఎక్కడ ఆపాలి?

4.1 నిష్పత్తి

ఒక ముఖం మీద పడే ప్రధానమైన వెలుగును కీ లైట్ అంటారు. అది వేసిన నీడలను కొంత తేలిక చేసేది ఫిల్ లైట్. మనిషిని వెనక గోడ నుంచి విడదీసేది బ్యాక్ లైట్. ముఖంలో వెలుగు పడిన వైపుకూ నీడ వైపుకూ ఉన్న తేడాను నిష్పత్తిలో చెబుతారు. 2:1 అయితే ముఖమంతా హాయిగా కనిపిస్తుంది. హాస్య సన్నివేశాలకూ టీవీ సీరియళ్లకూ ఇది చాలు. 8:1 అయితే నీడ వైపు కన్ను ఉందా లేదా అన్నంత చీకటి. కెమెరా లెక్కలో ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో కాబట్టి, 8:1 అంటే మూడు స్టాపుల తేడా.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. చీకటి ఎంత ఎక్కువైతే భయం అంత ఎక్కువ అనుకుంటారు. మొత్తం నల్లగా ఉన్న తెర భయపెట్టదు. కాసేపటికి విసుగు పుట్టిస్తుంది. భయం ఉండేది వెలుగుకూ నీడకూ మధ్య ఉన్న సరిహద్దులో. షాట్‌ను విశ్లేషించేటప్పుడు ఎంత చీకటిగా ఉందని అడగడంతో ఆగకండి. సరిహద్దు ఎక్కడుంది, అది నిలకడగా ఉందా, కదులుతోందా అని కూడా అడగండి.

సరిహద్దు కదలడానికి మంచి ఉదాహరణ చేతిలో దీపం. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కొవ్వొత్తి పట్టుకున్న మనిషి ముఖం ప్రకాశంగా ఉంటుంది, నాలుగడుగుల అవతల గోడ కనిపించదు. ఆ మనిషి అడుగు వేసినప్పుడల్లా ముందు కొంత చోటు బయటపడుతుంది, వెనక అంత చోటు మునిగిపోతుంది.

4.2 దిక్కు

మనకు సూర్యుడైనా, గదిలో ట్యూబ్‌లైటైనా పైనుంచే వెలుగు వస్తుంది. కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండడం మన కంటికి అలవాటు. దీపాన్ని గడ్డం కిందికి తెస్తే ఈ నీడలన్నీ తలకిందులవుతాయి. తెలిసిన ముఖమే తెలియనిదవుతుంది. చాలాకాలం వాడి వాడి ఇప్పుడు ఇది నవ్వు తెప్పించే స్థితికి వచ్చింది. పక్క నుంచి వచ్చే వెలుగు ముఖాన్ని రెండు చేస్తుంది. వెనక నుంచి మాత్రమే వెలుగు వస్తే మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ముర్నావ్ తీసిన 'నోస్ఫెరాటు' (1922)లో మెట్ల గోడ మీద పైకి సాగే నీడ ఈ వరసలో చివరి మెట్టు. అక్కడ మనిషి కూడా లేడు. నీడే పాత్ర.

నేను ఉండే మెదక్ పట్టణంలో వెలుగు దిక్కును నేర్పే చోటు ఒకటి ఉంది. 1924లో పూర్తయిన మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం వాటిలోని బొమ్మలు. పగలు లోపల నిలబడి చూస్తే బయటి ఎండ అద్దాల గుండా వచ్చి రంగులు వెలుగుతాయి. పొద్దు గూకిన తరవాత అదే చోట నిలబడి చూడండి. బొమ్మ ఉంటుంది, కనిపించదు. కిటికీలో మార్పేమీ లేదు, వెలుగు దిక్కు మాత్రమే పోయింది. ఒకే వస్తువు పగలు భక్తినీ, చీకటి పడ్డాక నల్లని పలకనూ చూపుతుంది. వెలుగు వస్తువుకు అర్థాన్ని ఎలా ఇస్తుందో దీనికన్నా సులువుగా చెప్పలేను.

4.3 ఆధారం

షాట్‌లో ప్రతి వెలుగుకూ ఒక ఆధారం ఉండాలి. ఈ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందని ప్రేక్షకుడు అడిగితే ఫ్రేమ్‌లో జవాబు దొరకాలి: వీధి దీపం, జీరో బల్బు, సగం తెరిచిన ఫ్రిజ్, సెల్‌ఫోన్ తెర. రాత్రి పూట ఇంట్లో ఏ ఆధారమూ లేకుండా నీలి వెలుగు పరచుకుని ఉంటే అది సినిమా రాత్రి అని మనకు తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం భయం సగమవుతుంది. కరెంటు పోయిన ఇంట్లో లాంతరు వెలుగు, మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు మన బతుకుల్లోవి. వాటిని నమ్ముతాం కాబట్టే అవి ఆరిపోతాయేమోనని బెంగపడతాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3. ఖాళీ తలుపును రెండు సెకన్లు చూపడానికీ పది సెకన్లు చూపడానికీ తేడా ఏమిటి?
4. ఆధారం లేని వెలుగు భయాన్ని ఎందుకు తగ్గిస్తుంది?

5. తెలుగు తెర మీద

5.1 అద్భుతం నుంచి భయానకానికి

తెలుగు సినిమాకు మాంత్రికులూ దెయ్యాలూ కొత్త కాదు. 'పాతాళ భైరవి' (1951)లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లే కెమెరాతో, ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడయ్యాడు. బి. విఠలాచార్య 'జగన్మోహిని' (1978) వంటి చిత్రాలలో దెయ్యాలను ఊరూరా తిప్పాడు. ఈ చిత్రాలను భయానక చిత్రాలుగా చూడడం సరికాదు. వీటిలో ప్రధానమైనది అద్భుత రసం. విఠలాచార్య దెయ్యం నిండు వెలుగులో, ఫ్రేమ్ నడుమ నిలబడి తన మాయలు చూపుతుంది. చూడండి చూడండి అని పిలిచే దెయ్యం అది. దాన్ని చూసి పిల్లలు జడుసుకున్న మాట నిజమే గాని, ఏదో మూల దాక్కుందేమోనని వెతికే పని ప్రేక్షకుడికి ఉండదు.

5.2 'రాత్రి' (1992)

ఆ వెతికే పనిని తెలుగు ప్రేక్షకుడికి గట్టిగా అప్పగించిన చిత్రం రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'. తెలుగులోనూ, 'రాత్' పేరుతో హిందీలోనూ వచ్చింది. రేవతి ప్రధాన పాత్ర, ఓం పురి మాంత్రికుడు. తరవాతి కాలంలో దర్శకుడిగా పేరు పొందిన తేజ దీని ఛాయాగ్రాహకుడు. అంతకు ముందు 'శివ' (1989)లో స్టెడీకామ్‌ను వెంటాడే దృశ్యాలకు వాడిన వర్మ, ఇక్కడ కదిలే కెమెరాకు మరో పని ఇచ్చాడు.

కథ చాలా చిన్నది. మధ్యతరగతి కుటుంబం ఒకటి కొత్త ఇంటికి మారుతుంది. ఆ ఇంట్లో ఏదో ఉంది. కింద నేలమాళిగ ఉంది. ఒక పిల్లి చనిపోతుంది. కథ ఇంతే కాబట్టి భారమంతా షాట్ల మీద పడింది. నేలకు దగ్గరగా, ఎవరూ నడవనంత మెత్తగా, ఇంట్లో జారిపోయే కెమెరా ఈ చిత్రానికి గుర్తు. ఆ చూపు ఎవరిదో చిత్రం చెప్పదు. 3.3లో మనం అడిగిన ప్రశ్నకు తెలుగులో దీనికన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇంట్లో వాళ్లు అన్నం తింటున్నా, మాట్లాడుకుంటున్నా ఆ చూపు మరో గదిలో ఉందేమోనన్న అనుమానం మనల్ని వదలదు.

ఈ చిత్రంలో చెప్పుకోవలసిన రెండో సంగతి శూన్యం. జనం ఉండవలసిన చోటు ఖాళీగా ఉండడాన్ని వర్మ పదే పదే వాడుకున్నాడు. మనుషులు లేని వీధులలో ఒంటరి అమ్మాయి, వరసలకు వరసలు కుర్చీలు ఖాళీగా ఉన్న సినిమా హాలు. ఇలాంటి షాట్లకు చీకటి పెద్దగా అవసరం లేదు. ఒకే రకం వస్తువులు వరసగా కనిపించే కూర్పులో మనిషి లేని ప్రతి చోటూ ఒక ప్రశ్న అవుతుంది. పైగా మనం ఆ చిత్రాన్ని సినిమా హాలులో కూర్చుని చూస్తున్నాం. తెర మీది ఖాళీ కుర్చీలను చూసినవాడు తన పక్క కుర్చీ వైపు ఒకసారి చూసుకుంటాడు.

చిత్రం చివరి భాగంలో మాంత్రికుడు వచ్చి ఆత్మతో తలపడతాడు. అక్కడ బలం తగ్గిందని నా అభిప్రాయం. తెలియని చూపు తెలిసిన శత్రువుగా మారింది. మసక వెలుతురు పోయింది, తాడూ పామూ విడివిడిగా కనబడ్డాయి.

5.3 'మసూద' (2022)

ముప్పై ఏళ్ల తరవాత సాయి కిరణ్ దర్శకత్వంలో, నగేశ్ బానెల్ ఛాయాగ్రహణంతో వచ్చిన 'మసూద' ఈ పద్ధతిని అపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది. నీలం టీచరు, ఆమె కూతురు నాజియా, పక్కింట్లో ఉండే గోపీ. నాజియాలో మార్పు వస్తుంది. సంగీత, బాంధవి శ్రీధర్, తిరువీర్ ఈ పాత్రలు వేశారు. పెద్ద బంగళా లేదు, శ్మశానం పక్క ఇల్లు కాదు. ఇరుకు హాలు, పడకగది తలుపు, వంటింటి గుమ్మం. మన ఇళ్ల లాంటి ఇల్లు. ఇరుకు ఇంట్లో మనిషి ఫ్రేమ్‌లో ఎక్కడ నిలబడ్డా వెనక ఏదో ఒక గుమ్మం ఉండనే ఉంటుంది. చిత్రం మొదటి సగం బలమంతా ఈ నమ్మదగిన ఇంటి నుంచి వచ్చింది. గోపీ పిరికివాడు కావడం కూడా కలిసి వచ్చింది. అతను చూడడానికి జంకే తలుపు వైపు మనమే చూడవలసి వస్తుంది.

రెండో సగంలో మసూద ఎవరో, ఏం చేసిందో చెప్పే గతం మొదలయ్యాక చిత్రం మరో దారి పట్టింది. వివరణ పెరిగేకొద్దీ ఉత్కంఠ తగ్గింది. 'రాత్రి'లో కూడా ఇదే చూశాం. తెలుగు భయానక చిత్రం మొదటి సగంలో ప్రేక్షకుడి కంటిని నమ్ముతుంది, రెండో సగంలో కథ చెప్పకపోతే అతనికి అర్థం కాదని అనుమానపడుతుంది. మన దర్శకులు ఇక్కడ ప్రేక్షకుడిని తక్కువగా అంచనా వేస్తున్నారు.

6. నీడ ఎవరి మీద వేస్తున్నాం?

ఇప్పటిదాకా ఒక షాట్ ఎంత బాగా భయపెట్టిందని అడిగాం. విమర్శకుడు మరో ప్రశ్న కూడా అడగాలి. భయపెట్టడానికి చీకటిని ఎవరి ముఖం మీద వేశారు?

ఇది మన ప్రాంతపు విద్యార్థులు తప్పించుకోలేని ప్రశ్న. ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో బాణామతి అన్న మాట వినని తరం లేదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. రుజువు ఉండదు. జబ్బుకో చావుకో కారణం తెలియనప్పుడు అనుమానం ఒక మనిషి మీదికి పోతుంది. సగం తెలిసి, సగం తెలియని ఆ మసకలో పక్కింటి మనిషి పాముగా కనిపిస్తాడు. సినిమా హాలులో మనం డబ్బిచ్చి కొనుక్కునే భ్రాంతి ఊళ్లో ప్రాణం తీస్తుంది.

ఒంటరి ముసలమ్మ ముఖం మీద గడ్డం కింది నుంచి వెలుగు వేసి, జుట్టు విరబోసి, తక్కువ ఎత్తు నుంచి కెమెరా పెట్టి చూపితే, ఆమె ఒక్క మాట మాట్లాడకముందే ప్రేక్షకుడు తీర్పు చెప్పేస్తాడు. 'మసూద'లో నల్ల బురఖా ఆకారం చక్కని ఛాయారూపం. ముఖం కనిపించకపోవడం, అంచు స్పష్టంగా ఉండడం ఉత్కంఠకు అనుకూలమైనవే. కానీ బురఖా హైదరాబాదులోనూ మెదక్‌లోనూ మన పొరుగింటి ఆడవాళ్లు రోజూ వేసుకునే బట్ట. చిత్రంలో మంచి చేసే ముస్లిం పెద్ద కూడా ఉన్నాడు, ఆ మాట చెప్పడం న్యాయం. అయినా పాత్ర కథలో చేసే మంచి కన్నా, షాట్‌లో ఆకారం వేసిన ముద్ర కంటిలో ఎక్కువకాలం నిలుస్తుందన్నది మరచిపోకూడదు.

కార్తీక్ దండు దర్శకత్వం వహించిన 'విరూపాక్ష' (2023) ఈ ప్రశ్నకు మంచి పాఠ్యం. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరి జనం చంపడంతో ఆ చిత్రం మొదలవుతుంది. ఆ సన్నివేశాన్ని శబ్దం తీసేసి చూడండి. వెలుగు ఎవరి ముఖాల మీద ఉంది? ఎవరి ముఖాలను దగ్గరగా చూపారు, ఎవరిని గుంపుగా చూపారు? కెమెరా జంట వైపు నిలబడిందా, జనం వైపు నిలబడిందా? మీ జవాబును షాట్ల ఆధారంతో రాయండి. చిత్రం మంచిదా చెడ్డదా అన్న తీర్పు కన్నా ఈ లెక్క విలువైనది.

భయానక చిత్రాలు తీయకూడదని నేను అనడం లేదు. చీకటిని గది మూలకూ, ఖాళీ తలుపుకూ, నేలమాళిగకూ ఇచ్చే చిత్రం ఎవరికీ అన్యాయం చేయదు. అది భయపెట్టడంలో కూడా ముందుంటుందని 'రాత్రి' చూపింది. చీకటిని ఒక కులానికో, మతానికో, ఒంటరి ఆడమనిషికో అంటగట్టే చిత్రం పాత అనుమానాన్ని అరువు తెచ్చుకుంటోంది. అక్కడ కెమెరా కష్టపడలేదు. ప్రేక్షకుడి మనసులో ముందే ఉన్న భయాన్ని వాడుకుంది.

7. అభ్యాసం

మీలో చాలామంది సినిమాలను ఫోన్‌లోనే చూస్తారు. పగటి వెలుతురులో ఫోన్ తెర మీద చీకటి షాట్లు కనిపించవు. గది దీపం ఆర్పి, తెర వెలుగు పెంచి చూడండి. నచ్చిన షాట్ దగ్గర ఆపి, కాగితం మీద నిలువుగా రెండు, అడ్డంగా రెండు గీతలు గీసి తొమ్మిది గళ్లు చేయండి. మనిషి ఏ గళ్లలో ఉన్నాడో, ఖాళీ ఎక్కడుందో, నలుపు ఎక్కడుందో గుర్తు పెట్టండి. వెలుగు వచ్చే దిక్కును బాణంతో చూపండి.

తరవాత మీ ఇంట్లోనే మూడు ఫొటోలు తీయండి. సగం తెరిచిన తలుపు పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. మొదటి ఫొటో ట్యూబ్‌లైటు వెలుగులో, రెండోది లైటు ఆర్పి పక్క నుంచి ఫోన్ టార్చి వేసి, మూడోది టార్చి మనిషి మీద ఉండగానే ఆ మనిషిని ఫ్రేమ్ అంచుకు జరిపి తీయండి. మూడింటినీ ఇంట్లోవాళ్లకు చూపి, ముందుగా వాళ్ల కన్ను ఎక్కడికి పోయిందో అడగండి. మూడో ఫొటోలో తలుపు దగ్గరికి పోయిందంటే ఈ పాఠం మీకు వచ్చినట్టే.

8. సారాంశం

భయానక చిత్రంలో ఉత్కంఠ ప్రేక్షకుడు తనంత తానుగా కల్పించుకునేది. ఖాళీ స్థలం, గుమ్మాలు, కెమెరా ఎత్తు, నిడివి అతని కంటికి కాపలా పని అప్పగిస్తాయి. వెలుగు నిష్పత్తి, దిక్కు, ఆధారం మసక సరిహద్దును ఏర్పరుస్తాయి. 'రాత్రి', 'మసూద' మొదటి భాగాలలో ఇది బాగా నెరవేరింది, వివరణ పెరిగిన చోట సడలింది. నీడ ఎవరి మీద పడిందన్న ప్రశ్న కూడా షాట్ విశ్లేషణలో భాగమే.

9. నమూనా ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు
1. భయానక చిత్రంలో ఉత్కంఠ నిర్మాణానికి షాట్ కూర్పు ఎలా తోడ్పడుతుందో సోదాహరణంగా వివరించండి.
2. 'రాత్రి', 'మసూద' చిత్రాలలో ఇంటిని చూపిన తీరును పోల్చండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. వెలుగు నిష్పత్తి అంటే ఏమిటి?
2. విఠలాచార్య చిత్రాలు భయానక చిత్రాలు ఎందుకు కావు?
3. నాట్యశాస్త్రంలోని శూన్యగృహం అన్న భావన ఏ షాట్లకు వర్తిస్తుంది?